నల్లగొండ గుట్టల చరిత్ర

మన చరిత్రకారులు ఒక సీమను గూర్చి వ్రాయబూనినప్పుడు రాజులతో నారంభించుట వాడుక. నల్లగొండ సీమ యన్నచో కందూరు చోడులు, కాకతీయులు, రేచెర్ల వెలమలు, బహమనీలు, కుతుబుషాహీలు, ఆసఫుజాహీలు అని వరుసగా నేకరువు పెట్టుదురు. ఈ సీమకు పేరిచ్చినది మాత్రము రాజు కాదు, కొండ. జిల్లాకు పేరైనది కొండ. భువనగిరి, దేవరకొండ, రాచకొండ, ఉండ్రుగొండ యన్నియు కొండలే. కోటలు కట్టిన వారిని గూర్చి శాసనములు వెదకి ప్రకటించితిమి. ఆ కోటలను మోసిన రాతిని గూర్చి యడిగినవారు తక్కువ. కొండకు చరిత్ర యేమి, అది యెప్పటినుండియో అట్లే యున్నది గదా యని మనవారి తలంపు. ఈ తలంపు తప్పని చూపుటకే యీ వ్యాసము.

నల్లగొండనుండి మిర్యాలగూడకు బోవు త్రోవలో మాడుగులపల్లి యను గ్రామము కలదు. 2016వ సంవత్సరమున జిల్లాలను తిరిగి విభజించినప్పుడు అది మండల కేంద్రమైనది. ఆ చుట్టుప్రక్కల నేల యెఱ్ఱని చెల్క. చెల్కల నడుమ నడుమ బోడి గుట్టలు, పరుపుబండలు, ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న గుండ్లు కనబడును. ఏనుగంత గుండు అరచేయి వెడల్పు మోపుమీద నిలిచియుండును. దానిని జూచిన బాటసారి యెవరో యెత్తి పెట్టిరని యనుకొనుట సహజమే. భీముడు బొంగరములాడి విడిచినాడని యొక యూరివారందురు. రాక్షసులు గోలీలాడినారని వేఱొక యూరివారందురు. ఇట్టి కథలను నేను నిందింపను. గుండు తనంతట తాను అక్కడికి రాలేదనియు, దానికొక కారణ ముండవలెననియు ఆ కథలు చెప్పినవారు గుర్తించిరి. కారణము వెదకుటలో వారు తొందరపడిరి; అంతే.

సంస్కృతము చదువుకొన్నవారికి అచలము, అహార్యము అను మాటలు తెలియును. కదలనిది, ఎత్తుకొని పోరానిది యని వాని యర్థము. అమరసింహుడు ఈ రెంటిని పర్వతమునకు పర్యాయపదములుగా జెప్పెను. ఆ పట్టికలోనే పర్వత మను పదము, శిలోచ్చయ మను పదము కూడ నున్నవి. శిలోచ్చయ మనగా రాళ్ల ప్రోగు. పర్వత మనగా పర్వములు, అనగా కణుపులు లేక కీళ్లు, కలది. చెఱకు గడకు కణుపు లున్నట్లు కొండకు కీళ్లున్నవని యెవరో యొకప్పుడు కన్నులార జూచి పెట్టిన పేరది. అచల మను పేరు మన నమ్మకమును దెలుపును. పర్వత మను పేరు రాతి స్వభావమును దెలుపును. నల్లగొండ గుండ్ల పుట్టుక యంతయు ఆ కీళ్లలోనే యున్నదని ముందు చూతము.

ఇక్కడ నొక మాట. పూర్వము పర్వతములకు రెక్కలుండెడి వనియు, ఇంద్రుడు వానిని ఖండించె ననియు పురాణములలో గలదు. ఖండములు కదలుచున్నవని నేటి శాస్త్రము చెప్పగా, మనవారికి ఇది ముందే తెలియునని ఆ రెక్కల కథను సాక్ష్యముగా జూపువారు కొందఱు బయలుదేరినారు. బ్రహ్మకు ఒక పగలు 432 కోట్ల సంవత్సరము లనియు, భూమి వయస్సు 454 కోట్ల సంవత్సరములని నేడు తేలినది గనుక రెండును ఒకటే యనియు మఱికొందఱందురు. మన పూర్వులు పెద్ద సంఖ్యలకు జంకలేదు, అది వారి గొప్ప. 1650వ సంవత్సర ప్రాంతమున ఐర్లండు దేశపు మతాధికారి అషరు సృష్టి క్రీస్తుకు పూర్వము 4004వ యేట జరిగెనని లెక్క కట్టగా, పాశ్చాత్యులు తరములకొలది ఆ యిఱుకు కాలములో దిరుగాడిరి. మనకా యిబ్బంది లేకుండెను. అయినను 432 కోట్లు యుగముల గుణకారమువలన వచ్చిన సంఖ్య. 454 కోట్లు రాతిని, ఉల్కాశిలను కొలిచి తీసిన సంఖ్య. రెండును ఇంచుమించు కలిసినంత మాత్రమున మొదటిది కొలత కాజాలదు.

ఇక రాతి సంగతి. మాడుగులపల్లి ప్రాంతపు గుట్టలు గ్రానైటు శిలలు, దానికి దగ్గఱి బంధువైన నైసు శిలలు. గ్రానైటు ముక్క నొకదానిని చేతిలోనికి దీసికొని యెండలో ద్రిప్పి చూచినచో మూడు తెఱగుల పలుకులు కనబడును. గాజువలె మెఱయునది పలుగు. గులాబివన్నెగానో తెల్లగానో పలకలుగా నుండునది ఫెల్‌స్పారు. నల్లగా తళుకులీనునది అభ్రకము. ఈ పలుకులు కంటికి గానవచ్చునంత పెద్దవిగా నుండుటయే రాతి జన్మపత్రిక. కరగిన పదార్థము తొందరగా చల్లబడినచో పలుకులు పెరుగుటకు వ్యవధి యుండదు. పటికబెల్లము చేయువా రెఱుగుదురు: పాకమును కదల్పక నెమ్మదిగా చల్లార్చినచో పెద్ద పలుకులు కట్టును, త్వరగా చల్లార్చినచో పొడి యగును. గ్రానైటు భూమిలోపల కొన్ని కిలోమీటర్ల లోతున, పైనున్న రాతి దుప్పటి క్రింద, లక్షల సంవత్సరములు నెమ్మదిగా చల్లారినది.

ఎన్నడు చల్లారినది? హైదరాబాదు, నల్లగొండ ప్రాంతపు గ్రానైటులకు ఇంచుమించు 250 కోట్ల సంవత్సరముల వయస్సని నిర్ణయించిరి. గ్రానైటులో జిర్కాను అను చిన్న రేణువులుండును. అవి పుట్టునప్పుడు కొంచెము యురేనియమును తమలో జేర్చుకొనును, సీసమును దరిజేరనీయవు. ఆ యురేనియము నియతమైన వేగముతో మారి మారి సీసమగును. ఇప్పుడు రేణువులో నెంత సీసమున్నదో, ఎంత యురేనియము మిగిలినదో కొలిచినచో, పుట్టి యెన్నాళ్లయినదో లెక్క తేలును. గడియారపు కుడుకలో నిండిన నీటినిబట్టి ప్రొద్దు చెప్పిన మన ఘటికాయంత్రము వంటిదే యిది.

ఈ రెండు సంగతులను గలిపి చూచినవారికి ఆశ్చర్యము కలుగక మానదు. నేడు మనము గుట్ట శిఖరమున నిలిచి గాలి పీల్చుకొనుచున్న ఆ రాయి, ఒకప్పుడు పాతాళమున నుండెను. అది పైకి లేచి వచ్చె ననుటకంటె దానిపైనున్నదంతయు పోయిన దనుట సత్యమునకు దగ్గఱ. పై బరువు తొలగిన కొలది నేల కొంత పైకుబుకుచు వచ్చిన మాటయు నిజమే. మొత్తముమీద కిలోమీటర్ల మందము గల రాయి ఇసుకయై, మట్టియై, నీటిలో గరగి సముద్రమునకు బోయినది. నల్లగొండ గుట్టలు కట్టిన కట్టడములు కావు. త్రవ్వగా మిగిలిన దిబ్బలు. ఈ యొక్క మాట మనస్సున కెక్కినచో తక్కినది సులభము.

పైనున్న బరువు తొలగినకొలది క్రింది రాయి కొంచెము వ్యాకోచించును. అప్పుడు నేలకు సమాంతరముగా పొరలు విడును; నిలువుగా, అడ్డముగా కీళ్లు తెఱచుకొనును. ఈ కీళ్లలోనికి వాననీరు దిగును. వాననీటిలో గాలిలోని బొగ్గుపులుసు వాయువు కొంత కరగియుండుటచే అది స్వల్పమైన ఆమ్లము. మట్టిలో క్రుళ్లిన ఆకు, వేరు దానికి మఱింత బలమిచ్చును. పలుగు దానికి లొంగదు. ఫెల్‌స్పారు లొంగును; తెల్లని సుద్దమట్టిగా మారును. అభ్రకములోని యినుము త్రుప్పుపట్టి యెఱ్ఱనగును. బంధువులు విడిపోయిన పలుగు రేణువులు ఇసుకగా రాలును. ఈ మూడును గలిసినదే మన మొరము. చెల్క నేల యెఱ్ఱదనము ఆ త్రుప్పు రంగే.

కీళ్లచే చదరపు దిమ్మెలుగా విభజింపబడిన రాతికి నీరు అన్ని వైపులనుండి తగులును. దిమ్మె ముఖమునకు ఒక వైపునుండి, అంచునకు రెండు వైపులనుండి, మూలకు మూడు వైపులనుండి నీరు సోకును. కావున మూలలు ముందు మెత్తబడి, చదరపు దిమ్మె నానాటికి గుండ్రనగును. గుండు గుండ్రముగా నుండుటకు దొర్లుట కారణము కాదు. అది పుట్టిన చోటు వదలలేదు. మొరము నడుమ, నేలలోపల, చీకటిలో అది గుండ్రనైనది. తరువాత వానలు మొరమును గడిగివేయగా, లోపలి గుండ్లు ఎండకు దేలి, ఒకదానిపై నొకటి పేర్చినట్లు నిలిచినవి. పేర్చిన చేయి లేదు. నడుమ నున్న మెత్తనిదానిని తీసివేసిన నీరు మాత్రమున్నది. ఇంగ్లండున లింటను 1955లోను, జర్మనీవాడైన బ్యూడెలు 1957లోను ఈ రెండంచెల క్రమమును శాస్త్రీయముగా వివరించిరి. బ్యూడెలు తరువాత తమిళదేశపు మైదానములను స్వయముగా బరిశీలించెను.

ఈ క్రమమును జూచుటకు సీమలు దాటి పోనక్కఱలేదు. మన యూర బావి త్రవ్వు వడ్డెరలు దీనిని ఏ గ్రంథమును చదువకయే యెఱుగుదురు. పైన ఎఱ్ఱమట్టి, దాని క్రింద గునపమునకు లొంగు మొరము, దాని క్రింద మొరములో పొదిగిన గుండ్లు, ఆ క్రింద సమ్మెటకు కణకణ మ్రోగు బండ. బావి గోడలో నిలువున కనబడు ఈ వరుసయే గుట్ట పుట్టుక కథ. ఇంక పది లక్షల యేండ్ల తరువాత మొరము కొట్టుకొని పోయినచో, ఆ బావిలోని గుండ్లే ఒక గుట్టయై నిలుచును. బడిపిల్లలకు హిమాలయముల చిత్రము చూపుటకు ముందు ఊరిబావి యొడ్డున నిలువబెట్టి ఈ వరుసను చూపుట మేలని నా యభిప్రాయము. మన పాఠ్యపుస్తకములలో హిమానీనదములు, అగ్నిపర్వతములు పుటలకొలది యుండును. పిల్లవాడు పుట్టినది మొదలు జూచుచున్న గుండును గూర్చి ఒక్క వాక్యము కానరాదు.

వడ్డెరలకు తెలిసిన దింకొకటి కలదు. పరుపుబండపై కట్టెలు పేర్చి మంట పెట్టి, ఆ మంటను మెల్లమెల్లగా ముందునకు జరుపుచు, బండనుండి సన్నని పలకలను విడదీయు పద్ధతి దక్షిణాపథమున చాలకాలముగా నున్నది. వేడికి పై పొర వ్యాకోచించి క్రింది పొరనుండి విడును. దీనిని జూచి, వేసవి యెండయు రాత్రి చలియు కలిసియే గుట్టలను పొరలు పొరలుగా పగులగొట్టునని పూర్వపు శాస్త్రజ్ఞులు నమ్మిరి. అమెరికాలో గ్రిగ్సు అను నతడు 1936లో దీనిని పరీక్షకు బెట్టెను. నున్నజేసిన గ్రానైటు ముక్కను 89,400 సారులు వేడిచేసి చల్లార్చెను. రోజున కొకమాఱు చొప్పున నది 244 సంవత్సరముల యెండకు, చలికి సమానము. సూక్ష్మదర్శినితో జూచినను మార్పు కానరాలేదు. పిమ్మట నీరు చల్లుచు చల్లార్చగా, రెండున్నర యేండ్లకు సమానమైన వ్యవధిలోనే రాయి మెఱుగు మాసి మార్పు చూపెను. దీనినిబట్టి అసలు పని చేయునది నీరని తేలినది. అట్లని యెండను బొత్తిగా తోసివేయరాదు. పొర యొకసారి విడిన తరువాత, పగటి వేడికి అది వంగి వంగి మఱింత విడుచున్నదని అమెరికాలోని యోసెమిటీ లోయలో సూక్ష్మమైన కొలతలు తీసికొని 2016లో ప్రకటించిరి.

భువనగిరి యీ పొరల విడివడుటకు గొప్ప నిదర్శనము. చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేర ప్రసిద్ధమైన ఆ కోట యున్నది ఒకే రాతిమీద. కీళ్లు తక్కువగా నున్న చోట నీరు లోనికి దిగలేక, గుండ్లకు బదులు ఇట్టి కోడిగ్రుడ్డు వంటి ఏకశిల మిగులును. ఉల్లిపాయ పొరలవలె పై పలకలు మాత్రము జారుచుండును. కీళ్లు దట్టముగా నున్న చోట గుట్టయే మిగులక పల్లమగును. ఆ పల్లములలోనికే వాగులు దారి తీసినవి. ఆ వాగుల కడ్డముగనే మన పూర్వులు రెండు గుట్టల నడుమ కట్టపోసి చెఱువులు చేసిరి. పానగల్లు ఉదయసముద్రము కట్టించినవారు గ్రానైటు కీళ్లను గూర్చి వినకపోవచ్చును. నీరెక్కడ నిలుచునో, బండ యెక్కడ గట్టిదో వారి కన్నులకు తెలియును.

ఎఱ్ఱని చెల్కలలో అక్కడక్కడ కిలోమీటర్లకొలది తిన్నగా సాగిన నల్లరాతి తిప్పలు కనబడును. వానిని దూరమునుండి చూచినవారు పాతకోట గోడ లనుకొందురు. గ్రానైటు గట్టిపడి పగిలిన తరువాత, ఆ పగుళ్లలోనికి క్రిందినుండి కరగిన నల్లని పదార్థ మెగజిమ్మి గట్టిపడగా నవి యేర్పడినవి. డోలరైటని దానికి పేరు. పలుకులు సన్నము, మెఱుగు పెట్టినచో అద్దమువలె నుండును. సూర్యాపేట చెంత పిల్లలమఱ్ఱిలో రేచెర్ల రెడ్లనాటి దేవాలయముల నల్లని స్తంభములను జూచినవారు ఆ రాతి గుణ మెఱుగుదురు. అక్కడి శాసనమొకటి 1208వ సంవత్సరమునకు జెందినది. శిల్పి ఉలికి ఇంత లొంగి, ఎనిమిదివందల యేండ్ల వానలకు ఇంత లొంగని రాయి వేఱొకటి లేదు.

మాడుగులపల్లినుండి దక్షిణముగా మిర్యాలగూడ దాటి, దామరచెర్ల మీదుగా కృష్ణ యొడ్డునకు బోయినచో, నేల స్వభావమే మారిపోవును. గుండ్లు మాయమగును. పరచిన చాపలవలె పొరలు పొరలుగా నున్న సున్నపురాయి, నాపరాయి కనబడును. మూసీ కృష్ణలో గలియు వాడపల్లికడ, అటుపైని మట్టపల్లి, హుజూరునగరు, కోదాడ వైపునను ఇదే రాయి. సిమెంటు కర్మాగారము లక్కడనే వెలసినవి. ఈ పొరలు నిలిచిన నీటి యడుగున మేట వేసిన సున్నపు బురద. వాడపల్లి నరసింహస్వామిని సేవించువా రొకప్పటి సముద్రపు టడుగున నిలిచి సేవించుచున్నారు. ఆ సముద్ర మిప్పటికి ఇంచుమించు నూఱుకోట్ల సంవత్సరములనాటిది. చేపలు, శంఖములు పుట్టని కాల మగుటచే వాని యస్థు లిందు దొరకవు. అమరావతిలోను నాగార్జునకొండలోను బౌద్ధశిల్పులు బుద్ధుని జాతకకథలను మలచినది యీ పలనాటి సున్నపురాతి మీదనే. అంత సన్నని పనితనమునకు ఆ సన్నని బురద అవకాశ మిచ్చెను.

గ్రానైటు ఒక వైపు, పొరలరాయి మఱియొక వైపు. రెంటి నడుమ నేమున్నది? ఏమియు లేదు. ఆ లేకపోవుటయే ఈ చరిత్రలో గొప్ప యధ్యాయము. గ్రానైటు లోతులలో చల్లారి, పైనున్నదంతయు అరిగి, అది బయటపడి, దానిమీద మరల నీరు నిండి బురద మేట వేయువఱకు గడచిన కాలమునకు వ్రాత లేదు, పుటలు చినిగిపోయినవి. తిరుపతినుండి తిరుమలకు బోవు కనుమదారిలో ఈ సంధి స్పష్టముగా గానవచ్చును. భారత భూగర్భ పరిశోధనశాఖవారు దానిని జాతీయ భూగర్భ స్మారకముగా ప్రకటించిరి. అక్కడ రెండు రాళ్లను వేఱుచేయు గీటు చేతివ్రేలంత యుండును. అందు ఇమిడిన కాలము ఎనుబదికోట్ల సంవత్సరములని యంచనా. ఏటేట లక్షలాది యాత్రికులు ఆ గీటు ప్రక్కనుండి గోవిందనామము చేయుచు పోవుదురు. 1788లో స్కాట్లండు తీరమున సికరు పాయింటు కడ హటను ఇట్టి సంధినే చూపగా, వెంటనున్న ప్లేఫేరు పండితుడు ఆ కాలపు లోతునకు తల తిరిగినట్లయినదని వ్రాసికొనెను. ఆ గీటిని జూచిననాడే భూమి వయస్సు ఆఱువేల యేండ్లను సంకెల తెగినది.

మన సీమలో ఈ రాళ్లను మొదట పరీక్షించినవారిని కొంచెము తలచుకొనవలెను. లాంబ్టను కొలతల బృందములో వైద్యుడుగాను శిలాశాస్త్రజ్ఞుడుగాను నుండిన వాయిసీ, 1824లో మరణించునాటికి హైదరాబాదు రాజ్యమున చాలవఱకు దిరిగి, కృష్ణ యొడ్డున వజ్రపు గనులను గూర్చి వ్రాసెను. భారత భూగర్భ పరిశోధనశాఖ 1851లో ఏర్పడెను. దాని యుద్యోగియైన విలియం కింగు కడప, కర్నూలు శిలాసముదాయములను గూర్చి 1872లో ప్రకటించిన గ్రంథమే మన పొరలరాతికి మొదటి సమగ్ర వర్ణన. గుఱ్ఱముమీదను, కాలినడకను దిరిగి చేసిన పనియది. ఆంగ్లేయు డన్నమాట నిజమే. రాయి మాత్రము మనది. నూటయేబదియేండ్ల తరువాతను తెలుగున దానికి సరియైన సంగ్రహము మన పాఠకుని చేతి కందలేదు.

నదుల సంగతి క్లుప్తముగా జెప్పెదను. అల్‌బిరూని వేయి సంవత్సరముల క్రిందటనే ఉత్తరహిందూస్థానపు మైదానమును జూచి, కొండల చెంత పెద్ద రాళ్లును, దూరము పోయినకొలది చిన్న రాళ్లును, సముద్రపు దాపున ఇసుకయు నుండుటచే ఆ నేల యంతయు నదులు తెచ్చి పోసినదని గ్రహించెను. మన కృష్ణయు అట్లే సహ్యాద్రినుండి దివిసీమవఱకు నేలను మోసినది. ఈ పని దినదినము సమముగా జరుగదు. మూసీ 1908 సెప్టెంబరు 28వ తేదీన హైదరాబాదును ముంచి వేలకొలది ప్రాణములు గొన్నది. 2009 అక్టోబరు మొదటివారమున శ్రీశైలమునకు ఇరువదియైదు లక్షల ఘనపుటడుగులకు మించిన నీరు సెకండునకు వచ్చెను. అట్టి నాలుగైదు దినములలో నది చేయుపని, కొన్ని సంవత్సరముల సాధారణ ప్రవాహము చేయజాలదు.

ఆ మోతబరువు నేడు సముద్రమునకు చేరుట లేదు. శ్రీశైలము నిండుమట్టమున మొదట 308 టి.ఎం.సి.ల నీరు పట్టునని కట్టినది. పిదప లెక్కించగా 215కు దిగినది. నాగార్జునసాగరము 408నుండి 312కు దిగినది. తగ్గినదంతయు పూడిక, అనగా పైనాటి చెల్కలు, రేగళ్లు, గుట్టల మొరము. సముద్రతీరమున దివిసీమ అంచులు కోతకు లోనగుచున్నవి. ఇచ్చట నేల ప్రోగగుచున్నది, అచ్చట నేల తఱుగుచున్నది. రెండును ఒకే జమాఖర్చులోని రెండు పద్దులు.

1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ సాగరము 1967లో కాలువలకు నీరు వదలగా, ఇక్ష్వాకుల విజయపురి యున్న లోయ మునిగి, దాని నడుమనున్న నాగార్జునకొండ ద్వీపమైనది. లోయను ద్రవ్వి తీసిన కట్టడములు కొన్నిటిని ఆ కొండపైకి దరలించి నిలిపిరి. కొండను ద్వీపము చేయుటకు ప్రకృతికి యుగములు పట్టును. మనిషికి పదునొకండు సంవత్సరములు పట్టినది. అదే నీరు ఎడమకాలువ గుండ మిర్యాలగూడ, హుజూరునగరు, కోదాడ ప్రాంతములకు వచ్చి జొన్నచేలను వరిమళ్లుగా మార్చినది. ఎత్తుపల్లముల చెల్కలను చదునుచేసి మడులు కట్టుటయు భూస్వరూపమును మార్చుటయే. ఆ మార్పును నేను తప్పుపట్టను. మాగాణి చూడని తరమువారి యాకలి నేను వినియున్నాను.

గుట్టలను పిండిచేయుట వేఱు సంగతి. రెవెన్యూ లెక్కలో గుట్ట పోరంబోకు, ఎందుకును పనికిరాని నేల. కావున దానిని కంకరకు, పలకలకు కౌలుకిచ్చుట కెవరికిని సంకోచముండదు. దక్షిణదేశపు గ్రానైటు బోడులు సహజముగా అరుగు వేగమును నేడు బెరిలియమను మూలపదార్థపు పరిమాణమునుబట్టి కొలుచుచున్నారు. పదిలక్షల సంవత్సరములకు కొన్ని మీటర్లు, బాగుగా అరిగినచో పదుల మీటర్లు. తుపాకిమందుతో, యంత్రములతో ఒక గుట్ట పదియేండ్లలో గుంతయగును. చెఱువునకు వచ్చు వాలునీరు ఆ గుంతలో నిలిచిపోవును. రోడ్లు, ఇండ్లు వలదని నేననను. రాయి లేక యిల్లు లేదు. ఏ గుట్టను దీయవచ్చును, ఏది చెఱువునకు తలయో చూచి నిర్ణయింపవలయునని మాత్రము అడుగుచున్నాను. హైదరాబాదులో కొన్ని రాతి గుట్టలను వారసత్వసంపదగా గుర్తించి కాపాడు ప్రయత్నము 1990ల దశాబ్దముననే మొదలైనది. పల్లె గుట్టకు అట్టి దిక్కు లేదు.

ఇంతవఱకు చెప్పినది కన్నులకు గానవచ్చు మార్పు. కానరానిది యొకటి మిగిలినది. రాయి నీటిలో గరుగునని పైన జెప్పితిని. నల్లగొండ గ్రానైటులలో ఫ్లోరిను పాలు ప్రపంచపు గ్రానైటుల సగటుకంటె హెచ్చు. అభ్రకములో, అపటైటు, ఫ్లోరైటు అను చిన్న రేణువులలో నది దాగియుండును. ఫెల్‌స్పారును సుద్దగా మార్చు నీరే దానినికూడ విడిపించును. ఆ నీరు బోరులోనికి, బోరునుండి కుండలోనికి, కుండనుండి మనిషి యెముకలోనికి బోవును. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడు గల నీటిని బాల్యమునుండి త్రాగినవారికి పండ్లు గారపట్టును. మిక్కిలి యధికమైనచో కీళ్లు బిగిసి, వెన్ను వంగి, నడుము నిలువదు. మన దేశమున ఈ వ్యాధిని మొట్టమొదట 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించిరి. నల్లగొండ జిల్లాలో మఱ్ఱిగూడ మొదలగు తావులలో ఒక తరమువా రంతయు దానిపాలైరి.

అట్టి గ్రామములలో వంగిన మనిషిని జూచి పూర్వజన్మ పాపమనిరి, దేవత కోపమనిరి. ఆ యూళ్లతో వియ్యమందుటకు ఇతరులు వెనుదీసిరి. ఏ పాపము నెఱుగని పిల్లవాడు తనకంటె 250 కోట్ల యేండ్లు పెద్దదైన రాతివలన కుంటివాడగుచుండగా, పురోహితుని పంచాంగమున కారణము వెదకితిమి. ఇది చిన్న యజ్ఞానము కాదు. మాధ్యాహ్నిక కథగా చెప్పుకొను భీముని గుండ్లవలన నెవరికిని హాని లేదు. ఈ కర్మకథవలన బావి మార్చుకొనవలసిన దినములు గడచిపోయినవి. నాగపురములోని పరిసర పరిశోధన సంస్థవారు 1970ల దశాబ్దమున సున్నము, పటిక కలిపి నీటినుండి ఫ్లోరైడును తేర్చు విధానమును ఇక్కడనే రూపొందించిరి. ప్రపంచమంతటను అది నల్లగొండ పద్ధతి యను పేర ప్రసిద్ధము. ఊరి పేరు శాస్త్రగ్రంథములకెక్కినది. నిత్యము సరిపాళ్లలో కలిపి, కుదిపి, తేర్చువారు లేక అది పల్లె యిండ్లలో నిలువలేదు.

కడకు మేలు చేసినది కృష్ణ నీరు. ఆ నది నల్లని సహ్యాద్రి శిలలమీద పుట్టి, వాననీటితో నిండి వచ్చుటచే అందు ఫ్లోరైడు తక్కువ. గొట్టములగుండ ఆ నీరు చేరిన యూళ్లలో పుట్టిన పిల్లల పండ్లు తెల్లగా వచ్చుచున్నవి. కాని గొట్టము నీరు రాని దినమున బోరు కొట్టుకొనువా రుందురు, పొలమున బావినీరు త్రాగువా రుందురు. బోరు లోతు పోయినకొలది నీరు పాతది, రాతితో నెక్కువకాలము చెలిమి చేసినది. కావున ఫ్లోరైడు హెచ్చుగా నుండు నవకాశము కలదు. వాన నీరూరు చెఱువు క్రింది నిస్సారపు బావిలో నది తక్కువగా నుండవచ్చును. ఒకే యూరిలో, కేకవేసిన వినబడు దూరమున నున్న రెండు బావుల నీళ్లు రెండు తీరులుగా నుండును. ఒకటి మొరములో దిగినది, ఒకటి బండ కీలులో దిగినది. కావున ఊరికంతటికి ఒక్క పరీక్ష చాలదు. ప్రతి బావికిని, ప్రతి బోరునకును, వేసవిలో నొకమాఱు, వానలు వెలిసిన పిమ్మట నొకమాఱు పరీక్ష చేసి, ఆ యంకెను దాని గట్టుమీదనే సున్నముతో వ్రాయవలయును.